రోగాలు రాని బ్రాయిలర్ పిల్ల ఉంటుందా? జన్యువులు ఎంతవరకు కాపాడతాయి, షెడ్డులో మనమేం చేయాలి

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల కోళ్ల ఫారాల నుంచి వెళ్లిన నమూనాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ ఉన్నట్లు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చింది. కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చారు. పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. ఆ తరువాత తెలంగాణలోనూ కేసులు బయటపడ్డాయి. వైరస్ గడప తొక్కని షెడ్ల బ్రాయిలర్ రైతులు కూడా ఆ నెలల్లో చికెన్ అమ్ముడుపోక నష్టపోయారు.

ఆ దెబ్బ తరువాత రైతుల నోట ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటే. రోగాలు తట్టుకునే జాతి పిల్లలు ఏవైనా ఉన్నాయా, ఉంటే ఎక్కడ దొరుకుతాయి? ఈ అవసరం కనిపెట్టి "మా పిల్లలకు ఇమ్యూనిటీ ఎక్కువ" అని పిల్లకు రెండు మూడు రూపాయలు ఎక్కువ అడిగేవారూ తయారయ్యారు. వాళ్లకు డబ్బు కట్టే ముందు ఈ విషయంలో శాస్త్రం ఎంతవరకు వచ్చిందో తెలుసుకోండి.

కోడి జన్యువుల్లోని తేడాను బట్టి రోగాన్ని తట్టుకునే శక్తి మారుతుందన్నది నిజమే. ఆ తేడా చిన్నదీ కాదు. అయితే అన్ని రోగాలకూ కలిపి పనిచేసే జన్యువు అంటూ ఏదీ లేదు. ఒక రోగానికి మేలు చేసేదే ఇంకో రోగానికి చెరుపు చేయవచ్చు.

కోడికి కాపలాదారు ఒక్కడే

కోడి శరీరంలో 39 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో 16వ క్రోమోజోము చాలా చిన్నది. రోగనిరోధక శక్తికి కీలకమైన జన్యువుల గుంపు ఒకటి దాని మీద ఉంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఎంహెచ్‌సీ అంటారు, కోళ్లలో దీనికే 'బి' గుంపు అని పేరు. వైరస్ దూరిన కణం, ఆ వైరస్ ముక్కను తన పైపొర మీదికి తెచ్చి "లోపల దొంగ ఉన్నాడు" అని రక్షణ కణాలకు చూపిస్తుంది. అలా పట్టి చూపించే ప్రొటీన్లను తయారు చేసేవి ఈ జన్యువులే.

మనిషిలో ఈ పనికి ఒక్కో కణం మీద ఆరు రకాల దాకా ప్రొటీన్లు ఉంటాయి. ఒకటి పట్టలేని ముక్కను ఇంకొకటి పడుతుంది. కోడిలో ఆ పని ప్రధానంగా ఒక్కటే చేస్తుంది. ఊరికి ఒక్కడే కాపలాదారు ఉన్నట్టు లెక్క. వాడు గుర్తుపట్టగలిగిన దొంగ దొరికిపోతాడు, గుర్తుపట్టలేని వాడు ఊరంతా దోచుకుపోతాడు. మిగతా పశువుల కంటే కోళ్లలో ఈ జన్యువుల ప్రభావం రోగాల మీద అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే.

అన్నిటికంటే బాగా తేలిన ఉదాహరణ మారెక్స్ వ్యాధి. కాళ్లు చచ్చుబడి ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోయే కోడిని మీరూ చూసే ఉంటారు. బి21 రకం జన్యువులున్న కోళ్లు ఈ వ్యాధిని బాగా తట్టుకుంటాయి, బి19 రకం ఉన్నవి ఎక్కువగా చస్తాయి. టీకా వేసినా కోడిలో ఏ 'బి' రకం ఉందో దాన్ని బట్టి రక్షణ మారుతుంది. ఒకే టీకా, ఒకే మోతాదు, ఒకే రోజు వేసినా ఫలితం ఒకేలా ఉండదు.

అలాగని కథంతా 'బి' గుంపుదే కాదు. అమెరికాలోని ఈస్ట్ లాన్సింగ్ పరిశోధనశాలలో దశాబ్దాలుగా పెంచుతున్న లైన్ 6, లైన్ 7 అనే రెండు వంశాలు ఉన్నాయి. రెండింటిలోనూ 'బి' జన్యువులు ఒకే రకం. అయినా ఒకటి మారెక్స్‌ను తట్టుకుంటుంది, ఇంకొకటి కుప్పకూలుతుంది. అంటే ఇతర క్రోమోజోముల మీద చెల్లాచెదురుగా ఉన్న జన్యువులకూ ఇందులో భాగం ఉంది. ఒక్క రక్తపరీక్షతో "ఇది రోగం రాని పిల్ల" అని ఎవరూ చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

యాంటీబాడీలు ఎక్కువైతే అన్నీ మంచివేనా?

యాంటీబాడీలు ఎక్కువ తయారయ్యే కోడే గట్టి కోడి అనుకుంటాం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పాల్ సీగెల్ అనే శాస్త్రవేత్త 1970ల నుంచి చేసిన పని ఈ నమ్మకాన్ని కాస్త కదిలించింది. ఆయన వైట్ లెగ్‌హార్న్ కోళ్లకు గొర్రె రక్తకణాలను ఇంజెక్షన్ చేశారు. అవి రోగం కలిగించవు, శరీరం ఎలా స్పందిస్తుందో చూడటానికి మాత్రమే. యాంటీబాడీలు ఎక్కువ వచ్చిన వాటిని ఒక వంశంగా, తక్కువ వచ్చిన వాటిని ఇంకో వంశంగా తరతరాలుగా ఎంపిక చేస్తూ పోయారు. కొన్ని తరాలకే రెండు వంశాలూ బాగా దూరమయ్యాయి.

ఎక్కువ యాంటీబాడీల వంశం కొక్కెర తెగులునూ, సీఆర్‌డీకి మూలమైన మైకోప్లాస్మానూ బాగా తట్టుకుంది. కానీ ఈ.కోలై బ్యాక్టీరియా ముందు అదే వంశం బలహీనపడింది. తక్కువ యాంటీబాడీల వంశం ఈ.కోలైని మెరుగ్గా ఎదుర్కొంది. మరో సంగతి, ఎక్కువ యాంటీబాడీల కోళ్లు బరువులో వెనకబడ్డాయి.

బ్రాయిలర్ రైతు కళ్లతో ఈ ఫలితాన్ని చూడండి. మన షెడ్లలో మూడో వారం దాటాక గుండె చుట్టూ, కాలేయం మీద తెల్లని పొర కట్టి చనిపోయే పిల్లల్లో ఎక్కువ భాగం ఈ.కోలై పనే. కొక్కెర తెగులుకు గట్టిగా ఉండేలా ఎంపిక చేసిన పిల్ల ఇక్కడ ఓడిపోవచ్చు. "ఇమ్యూనిటీ ఎక్కువ" అని చెప్పేవారిని ఏ రోగానికి అని అడగండి. రోగం పేరు చెప్పలేకపోతే ఆ మాటకు రెండు రూపాయలు కాదు, రెండు పైసలు కూడా పెట్టనక్కర్లేదు.

వేగంగా పెరిగే పిల్ల ఏమి వదులుకుంది?

కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వారు 1957, 1978, 2005 నాటి బ్రాయిలర్ రకాలను ఒకే మేతతో, ఒకే చోట పెంచి తూచారు. 56 రోజులకు 1957 రకం 905 గ్రాములు, 1978 రకం 1,808 గ్రాములు, 2005 రకం 4,202 గ్రాములు తూగాయి. మేత ఒకటే కాబట్టి ఈ తేడా జన్యువులదే. మనం రోజూ తూచి అమ్ముకునే బరువు ఈ ఎంపిక వల్ల వచ్చిందే. దాన్ని తిట్టి లాభం లేదు.

కానీ తిన్న మేత ఎన్ని వైపులకని వెళ్తుంది? అమెరికాలో నార్త్ కరోలినా శాస్త్రజ్ఞులు 1957 నాటి రకాన్నీ 2001 నాటి వ్యాపార బ్రాయిలర్‌నూ పక్కపక్కన పెట్టి పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కొత్త రకంలో యాంటీబాడీల స్పందన తగ్గింది, వాపు పుట్టించే స్పందన, కణాల ద్వారా జరిగే రక్షణ పెరిగాయి. కాబట్టి నేటి బ్రాయిలర్‌కు రోగనిరోధక శక్తే లేదనడం తప్పు. ఉన్న శక్తి దారి మార్చుకుంది. వాపు స్పందనకు ఖర్చు ఎక్కువ. జ్వరం వస్తుంది, మేత తగ్గుతుంది, కండకు పోవాల్సిన మాంసకృత్తులు పోరాటానికి పోతాయి. టీకా వేసిన మరుసటి రెండు మూడు రోజులు పిల్లలు మందంగా ఉండి బరువు ఆగినట్టు కనిపించడంలో ఈ ఖర్చుకూ వాటా ఉంది. ఎఫ్‌సీఆర్ లెక్క చెడిపోయే చోటు కూడా ఇదే.

ఒకే షెడ్డులో పదివేల రకాలు

చాలామంది రైతులు వెన్‌కాబ్ అంటే ఒకే అచ్చులో పోసిన పిల్లలనీ, రాస్ అంటే ఇంకో అచ్చు అనీ అనుకుంటారు. అది నిజం కాదు. షెడ్డుకు వచ్చే బ్రాయిలర్ పిల్ల సాధారణంగా నాలుగు వంశాల కలయిక. తాతముత్తాతల తరంలో మగ వైపు రెండు, ఆడ వైపు రెండు వంశాలుంటాయి. అవి కలిసి పేరెంట్లు, పేరెంట్ల గుడ్ల నుంచి మన పిల్లలు. అన్నదమ్ములు ఒకేలా ఉండనట్టే ఒకే ట్రేలోని పిల్లల్లోనూ 'బి' రకాలు వేరువేరుగా ఉంటాయి. పైస్థాయి వంశంలో ఇవాళ చేసిన ఎంపిక మన షెడ్డుకు చేరడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది.

ఈ తేడాలుండటం ఒక రకంగా మంచిదే. అన్నీ ఒకే రకమైతే ఒక్క వైరస్ షెడ్డు మొత్తాన్నీ ఊడ్చేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేసుకోవాలి. మొదటి రెండు వారాల్లో బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ కనిపించే తేడాలో పెద్ద భాగం జన్యువులది కాదు. తల్లి కోడి రక్తంలోని యాంటీబాడీలు గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు వస్తాయి. అవి సుమారు మూడు నాలుగు రోజులకోసారి సగానికి తగ్గిపోతాయి. రెండు వేర్వేరు పేరెంట్ ఫారాల పిల్లలు ఒకే షెడ్డులో కలిస్తే కొన్నిటికి తల్లి రక్షణ ఎక్కువ, కొన్నిటికి తక్కువ. 14వ రోజున అందరికీ గంబోరో టీకా వేస్తే, తల్లి యాంటీబాడీలు ఇంకా ఎక్కువ ఉన్న పిల్లల్లో టీకా వైరస్ అణగిపోయి పని చేయదు. అవి ముందే తగ్గిపోయిన పిల్లలకు టీకా పడేలోపే అసలు గంబోరో తగలవచ్చు. అప్పుడు రైతు "జాతి మంచిది కాదు" అంటాడు, సూపర్వైజరు "మీ మేనేజ్‌మెంట్ బాగా లేదు" అంటాడు. ఇద్దరూ చూడాల్సింది పిల్లలు ఏ పేరెంట్ ఫారం నుంచి వచ్చాయన్న కాగితం.

నాటు కోడి, జన్యు సవరణ కోడి

నాటు కోడికి రోగాలు రావన్న మాట కూడా వింటుంటాం. ఊళ్లలో వేసవి ముందు ఏం జరుగుతుందో పెద్దవాళ్లనడగండి. కొక్కెర తెగులు వస్తే పెరటి కోళ్లన్నీ వారంలో ఖాళీ అవుతాయి. అసీల్ అయినా, సంక్రాంతి బరిలో గెలిచిన డేగ అయినా టీకా లేకపోతే మిగలదు. నెమ్మదిగా పెరగడం వల్ల, తక్కువ సంఖ్యలో ఆరుబయట తిరగడం వల్ల నాటు కోళ్లకు కొన్ని ఒత్తిళ్లు తప్పుతాయి, అంతే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను పెరటి పెంపకానికి ఇచ్చింది. వాటికి కూడా మారెక్స్, కొక్కెర తెగులు టీకాలు తప్పవు. పది పదిహేను కోళ్లు పెంచే ఇంటికి అవి మంచివి. పదివేల పిల్లల షెడ్డులో ఆరు వారాలకు లెక్క తేల్చుకోవాల్సిన రైతుకు అవి బదులు కావు.

ఆ సంస్థే పనిచేస్తున్న మెడ మీద ఈకల్లేని రకం మాత్రం మన వాతావరణానికి ఆలోచించదగ్గది. ఒక్క జన్యువుతోనే ఈకలు గణనీయంగా తగ్గి ఒంటి వేడి బయటికి పోతుంది. వేడికి రొప్పే కోడి టీకాకు సరిగా స్పందించదు. కాబట్టి మే నెలలో ఈ జన్యువు పరోక్షంగా రోగనిరోధక శక్తికీ సాయపడుతుంది.

ఇక బర్డ్ ఫ్లూ. బ్రిటన్‌లో రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్, ఇంపీరియల్ కాలేజీ తదితర సంస్థల శాస్త్రజ్ఞులు 2023 అక్టోబరులో ఒక ఫలితం ప్రకటించారు. ఫ్లూ వైరస్ కోడి కణంలో పెరగడానికి ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీనును వాడుకుంటుంది. ఆ జన్యువును కొద్దిగా మార్చిన పది కోళ్లకు మామూలు మోతాదులో ఫ్లూ వైరస్ ఇస్తే తొమ్మిదింటికి సోకలేదు. మోతాదును వెయ్యి రెట్లు పెంచితే పదింటిలో ఐదింటికి సోకింది. అప్పుడు ఆ వైరస్‌లో మార్పులొచ్చి, అదే కుటుంబంలోని వేరే ప్రొటీన్లను వాడుకోవడం నేర్చుకుంది. తలుపు మూస్తే కిటికీ వెతుక్కుంది. ఒక్క జన్యువు మారిస్తే చాలదు, రెండు మూడు కలిపి మార్చాలని వాళ్లే చెప్పారు. అంతకుముందు 2020లో చెక్ శాస్త్రజ్ఞులు మరో వైరస్ విషయంలో ఇలాంటి తలుపునే మూశారు. ఏవియన్ ల్యూకోసిస్ జె రకం వైరస్ సోకని కోళ్లను తయారు చేశారు. అక్కడ కూడా ఆ ఒక్క వైరస్‌కే రక్షణ.

మన దేశంలో 2025 మేలో జన్యు సవరణ వరి రకాలు రెండింటిని ప్రకటించారు, వాటిలో ఒకటి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థది. దాన్ని చూసి కోళ్లలోనూ రేపో మాపో వస్తుందనుకోవద్దు. 2022లో ఇచ్చిన సడలింపు మొక్కలకు, జంతువులకు కాదు. హెచ్5ఎన్1కు మన దగ్గర టీకా అనుమతి కూడా లేదు. తక్కువ తీవ్రత గల హెచ్9ఎన్2 రకానికి మాత్రమే టీకా ఉంది. అంటే బర్డ్ ఫ్లూ విషయంలో ఇవాళ జన్యువూ లేదు, టీకా కూడా లేదు. ఉన్నది గేటు, పాదాల మందునీళ్ల తొట్టి, అడవి పక్షులు రాని వల, బయటి బండ్లు లోపలికి రాకుండా చూసుకునే పట్టుదల.

జన్యువు కంపెనీది, మరణాలు రైతువి

ఒప్పంద పెంపకంలో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, టీకా కూడా కంపెనీదే. ఏ స్ట్రెయిన్, ఏ పేరెంట్ ఫారం, ఎన్ని వారాల తల్లి గుడ్డు అన్నది రైతు నిర్ణయించడు. కానీ మరణాలు హద్దు దాటితే, ఎఫ్‌సీఆర్ పెరిగితే పెంపకం కూలీలో కోత పడేది రైతుకే. పుట్టుకతో వచ్చిన తేడా ఎంత, షెడ్డులో వచ్చిన తేడా ఎంత అని విడదీసే సమాచారం రైతు చేతికి రాదు.

యాంటీబాడీల స్పందన మీద జన్యువుల వాటా తక్కువ నుంచి మధ్యస్థంగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎక్కువ వాటా పరిసరాలదే. కంపెనీలు ఈ మాటను తమకు అనుకూలంగా వాడుకుంటాయి. అయితే తల్లి యాంటీబాడీలు, హేచరీ శుభ్రత, పిల్ల ప్రయాణం, మేతలో బూజు విషం కూడా పరిసరాల కిందికే వస్తాయి. వాటిలో ఒక్కటీ రైతు చేతిలో లేదు. పిల్లల చలానా మీద స్ట్రెయిన్ పేరు, పొదిగిన తేదీ, పేరెంట్ ఫారం గుర్తు, తల్లుల వయసు వారాల్లో, హేచరీలో వేసిన టీకాలు రాసి ఇవ్వడం కంపెనీకి ఖర్చయ్యే పని కాదు, ఆ వివరాలు వాళ్ల కంప్యూటర్లో ఉన్నవే. రైతు సంఘాలు కూలీ పెంపు అడిగేటప్పుడు దీన్నీ అడగాలి. రెండు రూపాయల పెంపు కంటే కొన్ని బ్యాచ్‌లలో ఈ కాగితమే ఎక్కువ కాపాడుతుంది.

ఈ బ్యాచ్ నుంచే మీరు చేయగలిగినవి

చలానా మీద లేకపోతే సూపర్వైజర్ని అడిగి మీ రిజిస్టరులో మీరే రాసుకోండి. రెండు హేచరీల పిల్లలు గానీ, వయసు తేడా ఉన్న తల్లుల పిల్లలు గానీ వస్తే కలపవద్దు. మధ్యలో అడ్డు పెట్టి వేరుగా పెంచండి. 30 వారాల లోపు తల్లుల గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు చిన్నవిగా ఉంటాయి, వాటికి బ్రూడర్ వేడి కాస్త ఎక్కువ కావాలి. ఏ పక్క ఎన్ని చనిపోయాయో విడిగా రాయండి. మూడు నాలుగు బ్యాచ్‌లు రాశాక ఏ రకం పిల్ల మీ షెడ్డులో ఎలా నిలుస్తుందో మీ రిజిస్టరే చెబుతుంది. ఎవరి ప్రకటనా అంత కచ్చితంగా చెప్పదు.

మొదటి 24 గంటలు ముఖ్యం. పిల్లల మేతసంచి తడిమి చూడండి. మరుసటి రోజుకు వందలో 95 పిల్లలకైనా అది నిండి మెత్తగా ఉండాలి. ఆలస్యంగా తిన్న పిల్లలో పేగుతో పాటు రక్షణ అవయవాలూ వెనకబడతాయి. మంచి జన్యువులున్న పిల్లను కూడా మొదటి రాత్రి చలి చెడగొట్టగలదు.

నీళ్లలో టీకా ఇచ్చే రోజు క్లోరిన్ లేని నీరు వాడండి. లీటరుకు రెండున్నర గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలపండి. గంట, గంటన్నర నీళ్లు ఆపి దాహం పుట్టించి, రెండు గంటల్లో టీకా నీరు అయిపోయేలా చూడండి. ఎండాకాలంలో తెల్లవారకముందే మొదలుపెట్టండి. సగం పిల్లలు తాగి సగం తాగకపోతే వచ్చే తేడా జన్యువుల తేడాలాగే కనిపిస్తుంది, మోసపోవద్దు.

వరుసగా రెండు బ్యాచ్‌లలో మూడో వారం తరువాత మరణాలు పెరిగితే 15 నుంచి 20 పిల్లల రక్తం తీయించి, దగ్గరి పశు రోగ నిర్ధారణ కేంద్రంలోనో వెటర్నరీ కాలేజీలోనో కొక్కెర తెగులు హెచ్‌ఐ పరీక్ష చేయించండి. నివేదికలో సగటు ఒక్కటే చూడకండి, ఒక్కో పిల్ల అంకె అడగండి. అన్నీ తక్కువగా ఉంటే టీకా గానీ నిల్వ గానీ అనుమానించాలి. కొన్ని బాగా ఎక్కువ, కొన్ని సున్నా దగ్గర ఉంటే ముందు టీకా అందరికీ అందిందా అని, ఆ తరువాత పిల్లలు ఎన్ని చోట్ల నుంచి వచ్చాయి అని చూడాలి. చచ్చిన పిల్లలను కోసినప్పుడు తోక దగ్గర ఉండే బర్సా గ్రంథిని చూపించమని డాక్టర్ని అడగండి. అది వాచినా, రక్తపు చారలున్నా, వయసుకు మించి కుంచించుకుపోయినా గంబోరో అనుమానించాలి. అది దెబ్బతిన్న కోడికి ఏ జాతి జన్యువులున్నా మిగతా టీకాలు సరిగా పట్టవు.

పరీక్ష కాగితం జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి కంపెనీకి ఇచ్చి, ఇచ్చినట్టు తేదీతో సంతకం తీసుకోండి. కూలీ లెక్క రోజున మరణాల కోత మీద మాట్లాడటానికి చేతిలో అది ఉండాలి.